‘ది బన్యన్ డీర్’: బొంబాయిలో ఊపిరి పోసుకున్న ఒక కార్టూన్ విభాగం

సినిమా హాలులో అసలు చిత్రానికి ముందు ఫిలిమ్స్ డివిజన్ లఘుచిత్రాన్ని తప్పనిసరిగా చూసిన తరం ఇంకా ఉంది. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక కార్టూన్ కూడా వచ్చేది. దానిని గీసిన వారి పేర్లు మాత్రం ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలవలేదు. ఆ పాత చిత్రాలు డిజిటల్ రూపంలో మళ్లీ కంటపడుతున్న కొద్దీ, 1957 నాటి ‘ది బన్యన్ డీర్’ వైపు ఆసక్తి మళ్లుతోంది.

న్యగ్రోధ మృగ జాతకం ఈ చిత్రానికి ఆధారం. కాశీరాజు వంటశాలకు రోజుకొక జింక బలి కావాలి. వంతు ఒక నిండు చూలాలికి వస్తుంది. ఆమె స్థానంలో మందకు నాయకుడైన మర్రి జింక తన తల వంచుతుంది. ఈ కథకు చిత్రకారులు అజంతా కుడ్యచిత్రాల రేఖను ఎంచుకున్నారు. జింకల నడకలో మాత్రం డిస్నీ ‘బాంబి’ ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రెండు శైలులు కొన్నిచోట్ల ఒకదానితో ఒకటి ఇమడవు. చిత్రంలో ఆకర్షణ కూడా అక్కడే ఉంది.

ఆ ఛాయకు కారణం క్లెయిర్ వీక్స్. మిషనరీ దంపతులకు భారతదేశంలోనే జన్మించిన ఈ అమెరికన్, డిస్నీ స్టూడియోలో ‘స్నోవైట్’, ‘బాంబి’, ‘పీటర్ పాన్’ చిత్రాలకు పనిచేశారు. 1956లో అమెరికా సాంకేతిక సహాయ కార్యక్రమం కింద బొంబాయి వచ్చి, ఫిలిమ్స్ డివిజన్‌లో కొత్తగా ఏర్పడిన కార్టూన్ విభాగంలో యువకులకు శిక్షణ ఇచ్చారు. అంతకుముందు దేశంలో యానిమేషన్ లేదని కాదు. దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను తెరపై కదిలించారు. 1934లో కలకత్తాలో ‘ది పీ బ్రదర్స్’ వచ్చింది. ఏటేటా చిత్రాలు తీసే స్థిరమైన ప్రభుత్వ విభాగం మాత్రం ఇదే మొదలు.

పని శ్రమతో కూడినది. తెరపై ఒక్క సెకను కదలికకు 24 ఫ్రేములు కావాలి. పెన్సిల్ బొమ్మను పారదర్శకమైన షీటుపైకి ఎత్తి, వెనుకవైపు రంగులు నింపి, ఒక్కొక్కటిగా కెమెరా కింద ఉంచేవారు. తప్పు దొర్లితే మళ్లీ మొదటి నుంచే.

ఆ బల్లల వద్ద పని నేర్చిన వారిలో రామ్ మోహన్ ఒకరు. రసాయన శాస్త్రం చదివి కుంచె పట్టిన ఆయన, ఆ విభాగాన్ని వీడాక తెలుగువారైన ఎల్.వి. ప్రసాద్ స్థాపించిన ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ శాఖకు నేతృత్వం వహించి, 1972లో సొంత సంస్థను నెలకొల్పారు. 2014లో పద్మశ్రీ అందుకుని, 2019లో కన్నుమూశారు. నేపథ్య చిత్రకారుడిగా ఇదే విభాగంలో చేరిన భీమ్‌సేన్, 1974లో విజయా ములే రూపొందించిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’కు యానిమేషన్ సమకూర్చారు. దూరదర్శన్ చూసి పెరిగిన వారికి ఆ చిత్రాన్ని పరిచయం చేయనక్కరలేదు.

1948లో ప్రారంభమైన ఫిలిమ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. అప్పట్లో చిత్రకారులు, డాక్యుమెంటరీ దర్శకులు ప్రధానంగా ఆందోళన చెందింది భవనాల గురించి కాదు, ప్రజాధనంతో తీసిన నెగెటివ్‌ల భద్రత గురించి. రామ్ మోహన్ జపాన్‌కు చెందిన యుగో సాకో, కోయిచి ససాకీలతో కలిసి రూపొందించిన రామాయణ యానిమేషన్ చిత్రం మాత్రం 4కె రూపంలో 2025 జనవరిలో తెలుగు సహా పలు భాషల్లో దేశంలోని థియేటర్లకు వచ్చింది.