ఇంట్లో విప్పాలా, షెడ్డుకి తోలాలా?

మా టీములో ఒకాయన అమెరికాలో ఉంటాడు. ఆయన దగ్గర పాత మాజ్దా మియాటా ఉంది. 1989లో వచ్చిన మొదటి తరం మోడలు, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మొన్నామధ్య మీటింగులోకి మిగతావాళ్ళు వచ్చేలోపు ఓ పది నిమిషాలు ఆ కారు కబుర్లే చెప్పాడు. అలాంటి పాత కారుని ఎవరికి వాళ్ళు ఇంట్లో సర్వీసు చేసుకోవాలా, గ్యారేజీకి ఇవ్వాలా అని ఆ కార్లున్నవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుంటూనే ఉన్నారట. నాకు నవ్వొచ్చింది. మా నందిగామ పక్క ఊళ్ళో, మా ఇంటి అరుగు మీద, ఈ వాదన నా చిన్నప్పుడే విన్నాను. కాకపోతే అక్కడున్నది కారు కాదు, యెజ్ది.

జగ్గయ్యపేట, నందిగామల్లో ఆ రోజుల్లో స్పోర్ట్స్ కారు ఎవరికుంటుంది చెప్పండి! కారంటే అంబాసిడరు, లేకపోతే ఫియట్టు. అదైనా ఏ డాక్టరు గారికో, మిల్లు ఓనరుకో. కుర్రకారు మోజంతా మోటారు సైకిళ్ళ మీదే. మాకు స్పోర్ట్స్ కారంటే యెజ్ది రోడ్‌కింగు, రాజ్‌దూత్ 350, ఆ తర్వాత ఆర్ఎక్స్ 100.

సరే, చరిత్రలోకి వెళ్దాం. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలవ గట్లూ, వరి చేలూ గుర్తొస్తాయి. మాది ఆ కృష్ణా కాదు, మెట్ట. (2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద మాది ఎన్టీఆర్ జిల్లా. నాకింకా నోరు తిరగట్లేదు.) సాగర్ కాలవలకి 1967లో నీళ్ళొదిలారు గానీ, ఎడమ కాలవ చివర్న ఉన్న మా వైపు ఆ నీళ్ళని నమ్ముకుని కూర్చున్నవాడు తక్కువ. పత్తీ, మిరపా వేసిన ప్రతివాడికీ బావి గట్టునో, మునేరు ఒడ్డునో ఒక ఆయిలు ఇంజను ఉండాల్సిందే. మిరప తోట ఎండిపోతుంటే ఇంజను మొరాయించిందనుకోండి, మెకానిక్కు వచ్చేదాకా ఆగటానికి ఉండదు. అందుకని నాజిలు విప్పటం, గాలి తీయటం, బెల్టు బిగించటం రైతే నేర్చుకున్నాడు. మా నాన్నకి పానా పట్టటం అక్కడే వచ్చింది. బండిని ఇంట్లో విప్పే అలవాటు మా వైపు సరదాగా మొదలైంది కాదు, పొలం గట్టు మీదనుంచి వచ్చింది అని నేనంటాను.

బండి సంగతికొస్తే, మైసూరులో ఇరానీలు పెట్టిన ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో చెకొస్లొవేకియా జావా బళ్ళని ఇక్కడ చేయటం మొదలెట్టింది. డెబ్భైల్లో ఆ బళ్ళకే యెజ్ది అని పేరు మారింది. రోడ్‌కింగు 1978లో వచ్చింది. 250 సీసీ, టూ స్ట్రోకు, రెండు వైపులా రెండు సైలెన్సర్లు. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. లోపలికి నొక్కి తిప్పితే కిక్కు, మళ్ళీ మామూలుగా పెట్టి తొక్కితే గేరు. కొత్తవాడికి ఎవడికన్నా బండిచ్చి వాడు తికమక పడుతుంటే చూడటం మాకు పెద్ద వినోదం.

టూ స్ట్రోకు ఇంజన్లో వాల్వులుండవు, వాటిని ఆడించే కామ్ ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌కీ బేరింగులకీ జిడ్డు. మా ఇంట్లో లీటరుకి 40 మిల్లీలీటర్లు, ఒక పాత టానిక్కు సీసా మూతతో కొలిచి పోసేవారు. ఆ ఆయిలంతా కాలదు కాబట్టి పిస్టన్ నెత్తిన, సైలెన్సర్లో మసి పేరుకుంటుంది. అంటే విప్పటానికి సామాను తక్కువ, విప్పాల్సిన అవసరం ఎక్కువ. ఇంటి సర్వీసుకి ఇంతకన్నా అనువైన బండి ఉండదు.

ఇక ఆదివారం పొద్దున అరుగు మీద గోనె సంచీ పరిచేవాళ్ళం. బండితో పాటు వచ్చిన పానాల సంచీ, పళ్ళెంలో కిరసనాయిలు, పాత టూత్ బ్రష్షు, గుడ్డ పీలికలు. ప్లగ్గు తీసి ముందు దాని మొహం చూడాలి. నల్లగా తడిగా ఉంటే ఒక జబ్బు, తెల్లగా కాలిపోయి ఉంటే ఇంకో జబ్బు, ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం. పాయింట్లని ఎమిరీ కాగితంతో ఒక్కసారి రుద్ది, మధ్య సందు చూడటానికి పోస్టు కార్డు ముక్క దూర్చేవారు. అది నెలకోసారి పని. ఏడాదికోసారి, పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ళకి ముందు, సైలెన్సర్లు కాల్చేవారు. లోపలి జాలీలు ఊడదీసి, కిరసనాయిలు పోసి వీధిలో అంటించటమే. ఆ పొగకి మా అమ్మ దండెం మీది బట్టలన్నీ తీసి లోపలేసుకుని, నాన్నని, బండిని కలిపి తిట్టేది.

ఇక్కడ ఇంగ్లండు వాళ్ళ ముచ్చట ఒకటి చెప్పాలి. జాన్ హేన్స్ అనే ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో ఏడెన్లో ఉండగా, స్నేహితుడి ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారుని పూర్తిగా విప్పి, ప్రతి దశకీ ఫొటోలు తీసుకుంటూ మళ్ళీ బిగించాడు. అది 1966లో పుస్తకంగా వచ్చింది. హేన్స్ మాన్యువల్స్ అని తర్వాత ప్రపంచమంతా ఇళ్ళల్లో కార్లు విప్పుకున్నది వాటిని చూసే. ఆ మొదటి పుస్తకం ఒక స్పోర్ట్స్ కారు గురించి కావటం నాకు యాదృచ్ఛికం అనిపించదు. ముద్దు చేసేవాళ్ళు ఎక్కువ, మొరాయించటం అంతకన్నా ఎక్కువ. మా వైపు ఆ పుస్తకం లేదు. ఆ పని షెడ్డులో భాయ్ చేశాడు.

భాయ్ షెడ్డు నందిగామలో పాత రోడ్డు మీద, వేప చెట్టు కింద. క్లచ్ ప్లేట్లు, పిస్టన్ రింగులు, చైన్ స్ప్రాకెట్లు, అలాంటివన్నీ ఆయనకి. నాన్న వెళ్ళి "భాయ్, మూడో గేర్లో లాగట్లేదు, ప్లగ్గు బానే ఉంది, పాయింట్లు నిన్ననే చూశాను" అనేవారు. ఆయన "అయితే అది కాదన్నా, క్లచ్చు చూద్దాం" అనేవాడు. సగం పని ఆ రెండు మాటల్లోనే అయిపోయేది. భాయ్ చేతిలోనూ లేని పనులు ఇంకొన్ని ఉండేవి. సిలిండరు అరిగితే బోరు చేయించాలి, అంటే కాస్త పెద్దగా తొలిపించి ఓవర్‌సైజు పిస్టన్ వెయ్యాలి. క్రాంకు విప్పి, కొత్త కనెక్టింగ్ రాడ్డు ప్రెస్సు మీద ఎక్కించాలి. వీటికి బెజవాడ ఆటోనగర్ లేతు షాపులే దిక్కు. లారీల కోసం అరవైల్లో పుట్టిన ఆటోనగర్ మా బళ్ళనీ సాకింది. అక్కడ ముందు పిస్టన్ కొనుక్కు రమ్మంటారు. దాన్ని కొలిచాకే సిలిండరు ముట్టుకుంటారు. పిస్టన్ కొలత తెలియకుండా బోరు వేసేవాడి దగ్గరికి పోవద్దని భాయ్ హెచ్చరిక.

ఇల్లు, షెడ్డు, లేతు. ఎవడి పని వాడిది. ఇల్లా షెడ్డా అనే పోటీ మాకు తెలియదు. అరుగు మీద వాదనంతా ఏ పని ఎక్కడ ఆగాలి అనే.

ఈ లెక్కకి లొంగని బండి ఒకటుంది, రాజ్‌దూత్ 350. యమహా ఆర్డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో మనకి తెచ్చారు. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు, రెండు జతల పాయింట్లు, ఆరు గేర్లు. అసలైన స్పోర్ట్స్ బండి అంటే అదే. ఒక వైపు సరిచేస్తే రెండో వైపు దాంతో సరిపోవాలి, లేకపోతే బండి ఏడుస్తుంది. పోస్టు కార్డు ముక్కతో అయ్యే పని కాదు. పెట్రోలు తాగుడు గురించి గోల ఎక్కువై తర్వాత జోరు తగ్గించిన మోడలు కూడా తెచ్చారు గానీ, ఎనభైల చివరికల్లా కథ ముగిసింది. మైలేజీ వల్లే పోయిందని అందరూ అంటారు. ఇంటికీ షెడ్డుకీ రెంటికీ చేతగాకపోవటం కూడా అంతే కారణమని నా అభిప్రాయం. అదే ఎస్కార్ట్స్ వాళ్ళు 1985లో వదిలిన ఆర్ఎక్స్ 100 చూడండి. ఒక్క సిలిండరు, 98 సీసీ, ఎవడైనా విప్పొచ్చు. 1996లో తయారీ ఆగిపోయినా ఇప్పటికీ రోడ్ల మీద గోల చేస్తూనే ఉంది.

అదే 1985లో హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది. పెట్రోలు పోయించు, మూతెయ్యి, మర్చిపో అని ప్రకటన. ఫోర్ స్ట్రోకు, మసి లేదు, ఆయిలు కలపక్కర్లేదు. జనం నిజంగానే మర్చిపోయారు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతబడింది. 2000 నుంచి పొగ నిబంధనలు బిగించాక టూ స్ట్రోకు మోటారు సైకిళ్ళ పని అయిపోయినట్టే. అరుగు మీద గోనె సంచీ పరిచేవాళ్ళు లేకుండా పోయారు.

మా రోడ్‌కింగు 2004 నుంచి గొడ్ల చావిట్లో ఉండిపోయింది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, నాకు హైదరాబాదు ఉద్యోగం. 2018లో మహీంద్రా వాళ్ళ చలవతో జావా పేరు మళ్ళీ మార్కెట్లోకి వచ్చిన ఊపులో నాకూ పూనకం వచ్చి, దాన్ని హైదరాబాదులో పాత బళ్ళు బాగుచేసే ఒక షాపుకి ఇచ్చాను. ఆరు నెలలు, నా నెల జీతంలో మంచి ముక్క. బండి పెళ్ళికూతురిలా వచ్చింది. రంగు, క్రోము, కొత్త సీటు. నాన్నకి చూపించాలని ఊరికి తోలుకు బయల్దేరాను. సూర్యాపేట దాటాక ఇంజను పట్టేసింది.

భాయ్ విప్పి చూసి క్రాంకు ఆయిలు సీళ్ళు నా చేతిలో పెట్టాడు. రాయిలా గట్టిపడి ఉన్నాయి. రబ్బరుకి బండి తిరిగినా తిరక్కపోయినా వయసొస్తుంది. సీలు పోతే పక్కనుంచి గాలి దూరుతుంది, మిశ్రమంలో పెట్రోలు పలచనౌతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఆ షాపుని తిట్టుకుంటూ ఇంటికొస్తే నాన్న ఏమీ అనకుండా లోపలికెళ్ళి ఒక డైరీ తెచ్చారు. బండి కొన్నప్పటినుంచీ తేదీ, కిలోమీటర్లు, చేసిన పని అన్నీ రాసుంచారు. బోరు ఎప్పుడు, ఏ సైజు పిస్టన్, కండెన్సరు ఎన్నిసార్లు మార్చింది... సీళ్ళు ఆఖరుసారి వేసింది 1991లో! షాపువాళ్ళు అడగలేదు, నిజమే. నేను మాత్రం ఇచ్చానా? అసలు అలాంటి డైరీ ఒకటుందని నాకు తెలిస్తే కదా. రోజంతా ఆఫీసులో లాగులు చదివే ఉద్యోగం మళ్ళీ నాది.

షాపు బిల్లుకెక్కేది కంటికి కనపడే పని. రంగుకి రేటుంది, క్రోముకి రేటుంది. ఇంజను శబ్దం విని, పాత లెక్క చదివి, ఇంకా పాడవని సీలుని ముందే మార్చటానికి ఏ పద్దు కింద డబ్బులడుగుతారు? ఆ భాగం ఎప్పుడూ ఓనరుదే. నేను దాన్ని కూడా డబ్బిచ్చి వదిలించుకోవచ్చనుకున్నాను.

అలాగని అన్నీ ఇంట్లోనే చేసేద్దాం అనేవాళ్ళ జట్టులోకీ నేను పోను. కోపం కొద్దీ తర్వాత అంతా నేనే చేస్తానని కూర్చుని, మొదటి ఆదివారమే ప్లగ్గుని వంకరగా ఎక్కించి అల్యూమినియం హెడ్డులో మరలు కొరికేశాను. "పానా తర్వాత బాబూ, ముందు వేళ్ళతో తిప్పాలి" అన్నాడు భాయ్. దానికి ఆటోనగర్లో బుష్షు వేయించాల్సొచ్చింది. లేతు ముందు అందరం ఒకటే.

భాయ్ కొడుకు ఇప్పుడొక కంపెనీ సర్వీసు సెంటర్లో చేస్తున్నాడు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 బళ్ళు కాబట్టి కార్బొరేటరు పోయి ఇంజక్షను వచ్చింది, అతను స్కానరు తగిలించి లోపం చదువుతాడు. మంచి పనిమంతుడే. పాయింట్లంటే మాత్రం తండ్రి వైపు చూస్తాడు. తండ్రికి చూపు ఆనట్లేదు. పైగా 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చేసింది. అది నిలవుంటే తేమ లాగుతుంది, పాత రబ్బర్లకి పడదు. దీనికి డైరీలో పాత మందేమీ లేదు. కార్బొరేటరు ఖాళీ చేసి పెట్టటం, పైపులు తరచు మార్చటం అని నేనే కొత్తగా రాసుకుంటున్నాను. నాన్న రాత కింద నా రాత కోడి గీకినట్టుంది.

పోయిన నెల వెళ్ళినప్పుడు స్టార్టు చేసి అరుగు ముందు పెట్టాను. నాన్న కుర్చీలోంచి లేవకుండానే "ఎడమ సైలెన్సరు బరువుగా కొడుతోంది, కాల్చు" అన్నారు. అమ్మ దండెం దగ్గరికి లేచింది.