క్రూయిజ్‌లో టిప్పు: ఉంచాలా, తీసేయించాలా?

సెలవులొస్తే మన డాలస్, హ్యూస్టన్ వాళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి గాల్వెస్టన్‌లో షిప్పెక్కడం మామూలైంది. వెళ్లేముందు నన్ను అడిగేది ఒకటే: "రోజూ వేసే ఆ గ్రాట్యుటీ కట్టాల్సిందేనా? అడిగితే తీసేస్తారట కదా?"

నిజమే. అమెరికా నుంచి నడిచే పెద్ద కంపెనీల్లో చాలావరకు గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడిగితే తగ్గిస్తారు. మొత్తం కూడా చిన్నదేం కాదు. మామూలు గదికి మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు, సూట్‌కి ఇంకా ఎక్కువ. పిల్లలకూ పడుతుంది. 18 చొప్పున వేసుకున్నా నలుగురికి ఏడు రాత్రులకు 504 డాలర్లు! ఆ అంకె చూసి మావారు కౌంటర్ వైపు నడిచారు. నేనే ఆపాను.

ఈ ఓడలు ఎక్కువగా బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టరై ఉంటాయి. అమెరికా కనీస వేతనం అందులో పనిచేసేవాళ్లకు వర్తించదు. గది సర్దే అబ్బాయి నెలల తరబడి ఇంటిముఖం చూడకుండా, వారానికి ఏడు రోజులూ పనిచేస్తాడు. అతని రాబడిలో పెద్ద భాగం ఈ టిప్పులే. కంపెనీ ఇవ్వాల్సిన జీతం మనతో కట్టించడం న్యాయమా అంటే, కాదనే అంటాను. కానీ మనం తీసేయిస్తే ముందు దెబ్బ తగిలేది అతనికి.

"చేతికి క్యాష్ ఇస్తాంలే" అంటారు కొందరు. మేం గుడ్డు కూడా తినమని మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే, మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం తెచ్చిపెట్టాడు. అవి వండినవాళ్లను మేం చూడనేలేదు. చేతికిచ్చే డబ్బు వాళ్లదాకా ఎలా వెళ్తుంది?

పొదుపు చేయాల్సింది వేరే చోట. బార్‌లో, స్పాలో బిల్లు మీద 18 లేదా 20 శాతం ముందే కలిపేస్తారు. కింద ఇంకో టిప్పు గీత ఖాళీగా ఉంటుంది. బీఎస్సీ చదివి కూడా మొదటి ట్రిప్పులో కాఫీ తాగిన ప్రతిసారీ దానిమీద రెండేసి డాలర్లు రాశాను! ఆ గీత వదిలేయండి.

సర్వీసు బాగోకపోతే ఆ రోజే చెప్పండి, సరిదిద్దుతారు. చివరి రాత్రి వెళ్లి టిప్పు కోయించడం నాకు నచ్చదు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఈ గొడవ తక్కువ. పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లోనే విడిగా టిప్పు వేయడం మానేసింది. మరెల్లాలోనూ టికెట్ ధరలోనే కలిసి ఉంటుంది.