దేవనార్: ముందు చెత్త, వెనకే మనుషులు

ముంబైలో దేవనార్ చెత్తకొండ మాట ఎత్తితే చాలు, మా బంధువుల్లో ఎవరో ఒకరు అంటారు: "ఆ కంపులో ఇళ్లెందుకు కట్టుకున్నారే వాళ్లు?" నేను చెంబూరులో పెరిగి, ఆ కుప్పని ఆనుకుని ఉన్న గోవండీ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. జవాబు 1896 నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఆ ఏడు రేవు పక్కన మాండ్వీలో ప్లేగు బయటపడింది. మురికి, దుర్వాసన వల్లే రోగమని దొరలు నమ్మారు. ఊరి చెత్తతో అప్పట్లో మహాలక్ష్మి పల్లాలు పూడ్చేవారు. అక్కడి జనం గోలపెట్టారు. మునిసిపాలిటీ 1897లో ఊరికి దూరంగా, థానే ఖాడీ (సముద్రపు పాయ) ఒడ్డున దేవనార్‌లో 800 ఎకరాలకు పైగా బురదనేల కొంది. కుర్లా నుంచి చెంబూరుకి 1906లో ఒంటి రైలు లైను పడ్డది చెత్తబండ్ల కోసమే. మనుషుల్ని ఎక్కించుకున్నది 1924లో. నేను ఏళ్ల తరబడి ఎక్కి దిగిన హార్బర్ లైనులో ఈ ముక్క పుట్టుక ఇదీ.

తర్వాత నగరానికి అక్కర్లేనివన్నీ అదే దారి పట్టాయి. 1971లో బాంద్రా కబేళా దేవనార్‌కి వచ్చింది. ఆ దశాబ్దంలోనే నగరం లోపలి గుడిసెలు పీకి, ఆ మనుషుల్ని కుప్ప పక్కనే శివాజీనగర్, బైగన్‌వాడీల్లో దింపారు. ట్రాంబే దగ్గర జనతా కాలనీ అని ఒకటుండేది. అక్కడివాళ్లూ అంతకుముందు ఊళ్లోంచి తరిమితే వచ్చినవాళ్లే. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో దాన్ని కూలగొట్టి, సుమారు 70,000 మందిని అదే ఖాడీ ఒడ్డున చీతా క్యాంపుకి తోలారు.

ఆ కాలనీ కుర్రాడే కోలారు బంగారు గనుల ఊరి నుంచి వచ్చిన జోకిన్ అర్పుతం. పెద్దయ్యాక మురికివాడల ఉద్యమానికి పేరు మోసిన నాయకుడయ్యాడు. జనతా కాలనీ వీధుల్లో మునిసిపాలిటీ చెత్త ఎత్తేది కాదు. అతను పిల్లల్ని పోగేసి, తలా ఓ కిలో చెత్త కాగితంలో కట్టించి, మునిసిపల్ ఆఫీసు ముందు పోయించాడు. ఊరి చెత్త మోసే ప్రాంతంలో ఉన్నవాళ్లకి తమ చెత్త ఎత్తించుకోవడానికి ఇంత చేయాల్సి వచ్చింది!

దేవనార్ కుప్ప అడుగున ఊట ఇంకకుండా ఆపే పొరేదీ లేదు. వాన పడితే నల్లటి ఊట ఖాడీలోకి, మడచెట్ల వేళ్లలోకి దిగుతుంది. తడి చెత్త లోపల కుళ్లి మీథేన్ పుడుతుంది. పైన చెత్త ఏరుకునేవాళ్లు రాగి కోసం తీగలు కాలుస్తారు. నిప్పు అంటుకుంటే లోపల్లోపల రగులుతూనే ఉంటుంది. 2016 జనవరిలో అలా అంటుకున్న మంట పొగ ఉపగ్రహాల ఫొటోల్లో పడింది. బడులకి సెలవిచ్చారు. సెలవిస్తే పిల్లలు ఎక్కడికెళ్తారు? పొగ మధ్యనున్న ఇంటికే.

పోనీ, బాగుచేసే విద్య మనకి తెలీదా అంటే, ఇదే నగరంలో చేసి చూపించారు. బొరివలీ ఫ్లాట్ల పక్కన, ఖాడీని ఆనుకుని 1972 నుంచి పేరుకున్న గొరాయ్ కుప్పని 2007లో మూసేశారు. వాలు సరిచేసి, పైన షీటు కప్పి, మట్టి పోసి, గడ్డి పెంచారు. ఖాడీ వైపు అడ్డుగోడ దించి, లోపలి గ్యాసు లాగడానికి గొట్టాలు వేశారు. అది 20 హెక్టార్ల లోపు. దేవనార్ 130కి పైనే. పని పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ గొరాయ్ పక్కన ఫ్లాట్లున్నాయి, దేవనార్ పక్కన రేకుల ఇళ్లున్నాయి. ఆ తేడా హెక్టార్లలో కనపడదు.

ఇప్పుడు ధారావి మురికివాడ వంతు. దాన్ని కూల్చి కొత్తగా కట్టే పథకంలో, అక్కడే ఇల్లు పొందే అర్హత లేదన్నవాళ్లకి ఇళ్లు కట్టడానికి ప్రభుత్వం 2024లో దేవనార్ నేల 124 ఎకరాలు కేటాయించింది. 185 లక్షల టన్నుల పాత చెత్త తవ్వి తీయడానికి కార్పొరేషన్ 2025లో 2,368 కోట్ల రూపాయల టెండరు పిలిచింది. తవ్వడం మంచిదే, వందేళ్లు ఆలస్యమైనా. నేలలో గ్యాసు, ఊట ఆగాయని కొలిచి, ఆ అంకెలు గోవండీ గోడల మీద అంటించాకే తాళాలివ్వండి. ఆ పని చేయకుండా ఇళ్లిచ్చేస్తే, ఇంకో యాభై ఏళ్లకి మా బంధువుల మనవలు అదే ప్రశ్న అడుగుతారు. జవాబూ ఇదే అవుతుంది: వాళ్లు వచ్చి కట్టుకోలేదు, మనం తెచ్చి దింపాం.