స్టీరింగు చప్పుళ్లు - వాటి చరిత్ర

వరంగల్లు ప్రాంతమునుండి మేడారము జాతరకు ఒకప్పుడు ఎడ్లబండ్లు బారులు తీరి సాగెడివి. ఇరుసు కిర్రుమనినచో బండివాడు బండి నిలిపి కందెన పెట్టెడివాడు. చప్పుడు ఎచ్చట పుట్టినదో అతడు ఎక్కువగా వెదకవలసిన పని లేదు. నేటి కారు మలుపులో టక్కుమన్నను, గుయ్యిమన్నను, ఆ చోటు చెప్పుట అంత సులభము కాదు. ఏలయన స్టీరింగు ఒక్కనాడు పుట్టిన యంత్రము కాదు. రెండువందల యేండ్లలో ఒకదానివెంట నొకటిగా భాగములు చేరినవి. ప్రతి భాగమును తన చప్పుడును వెంట తెచ్చినది. ఆ వరుస తెలిసినవారికి చప్పుడు చోటు తెలియును.

నాలుగు చక్రముల చిక్కు

రెండు చక్రముల బండి ఎడ్లు తిరిగిన వైపునకు తిరుగును. నాలుగు చక్రముల బండిలోనో, పూర్వము ముందు ఇరుసునంతటిని తిప్పవలసివచ్చెడిది. అట్లు తిప్పినచో ఒక చక్రము బండి అడుగునకు పోవును. బండి బోల్తాపడు భయము హెచ్చును. 1817 ప్రాంతమున మ్యూనిక్ నగరములో గుఱ్ఱపుబండ్లు చేయు జార్జ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదపక, దాని రెండు కొనలందును కీళ్లమర్చి, చక్రములను మాత్రమే తిప్పు పద్ధతిని కనిపెట్టెను. 1818లో లండనులో దానికి పేటెంటు పొందినవాడు రుడాల్ఫ్ ఆకర్‌మాన్. పేరు అతనికే నిలిచినది.

మలుపులో నాలుగు చక్రములును ఒకే కేంద్రము చుట్టు నడువవలెను. లోపలి చక్రపు వలయము చిన్నది కనుక అది ఎక్కువ కోణము తిరుగవలెను. ముందు వెనుక చక్రముల మధ్య దూరము 2.4 మీటర్లు, కుడి ఎడమ చక్రముల మధ్య 1.2 మీటర్లు, కేంద్రమునుండి వెనుక ఇరుసు నడిమికి 6 మీటర్లు అనుకొందము. లోపలి ముందు చక్రము సుమారు 24 డిగ్రీలు, వెలుపలిది 20 డిగ్రీలు తిరుగవలెను. విద్యార్థులు టాంజెంటు పట్టికతో దీనిని సరిచూచుకొనవచ్చును. ఈ తేడాను కాపాడునవి చక్రములను కలుపు కడ్డీలు, వాని కొనలందలి కీళ్లు.

కీళ్ల చప్పుడు

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన కారునకు మూడు చక్రములే. కొనకీళ్లతో నాలుగు చక్రముల కారును అతడు 1893లో తెచ్చెను. గుండ్రని స్టీరింగు చక్రము 1894లో పారిస్-రువాన్ పోటీలో వాషెరాన్ నడపిన కారుపై కనిపించినది.

గతుకులపై ‘టక్ టక్’ మను చప్పుడు ఈ పాత కీళ్లదే. బంతివంటి కొన గిన్నెలో అరిగి వదులైనచో అది అట్లు కొట్టుకొనును. ఇంజను ఆపి, చక్రములు నేలపైనే ఉండగా, ఒకరు స్టీరింగును కొద్దిగా అటునిటు కదపవలెను. మరియొకరు కీళ్లపై వ్రేళ్లుంచి చూడవలెను. వదులుకీలు వ్రేలికి తగులును. దానిని మార్చుటయే మందు. మార్చిన పిదప చక్రముల వరుస సరిచూపించవలెను. ఉపేక్షించినచో కీలు ఊడి చక్రము అదుపు తప్పును, అది ప్రాణాపాయము.

1983లో మారుతి 800 వచ్చిన పిదప ఇంజను బలము ముందు చక్రములకే అందు కార్లు మన రోడ్లపై విస్తరించినవి. పూర్తి మలుపులో ‘కటకట’ మనునది ఆ బలమునందించు ఇరుసుకీలు. దాని రబ్బరు తొడుగు చినిగి గ్రీజు కారిపోవుటయే సాధారణ కారణము.

నూనె, విద్యుత్తు

1932 జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 వాహనములతో ప్రారంభమైనది. ఆ కాలపు బస్సుల స్టీరింగు డ్రైవరు భుజబలముతోనే తిరిగెడిది. నూనె ఒత్తిడిని సాయము తెచ్చు పద్ధతిని అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో చూపెను. 1951లో క్రైస్లర్ సంస్థ దానిని అమ్మకపు కార్లలో ప్రవేశపెట్టెను. దానితో రెండు క్రొత్త చప్పుళ్లు వచ్చినవి. నూనె తగ్గి గాలిబుడగలు చేరినచో పంపు గుయ్యిమనును. బెల్టు జారినచో కీచుమనును. స్టీరింగును చివరివరకు త్రిప్పినపుడు మాత్రము వినబడు బుస ఒత్తిడిని విడుచు కవాటముది. అది రోగము కాదు.

1988లో సుజుకి సర్వో కారుతో విద్యుత్ మోటారు సాయము వచ్చినది. ఇప్పటి చిన్న కార్లలో పెక్కింటికి పంపు లేదు, నూనె లేదు. అట్టి కారులో చప్పుడునకు పంపును నిందించుట వ్యర్థము. కీళ్లను, స్టీరింగు దండమును చూడవలెను.

చెవితో పరీక్ష

1816లో లెనెక్ అను ఫ్రెంచి వైద్యుడు స్టెతస్కోపు కనిపెట్టెను. మెకానిక్కు స్క్రూడ్రైవరు మొనను పంపుపై ఆన్చి, పిడిని చెవికి చేర్చి వినుట అట్టిదే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోవును. ఘనపదార్థము గుండా చప్పుడు చెదరక చెవికి చేరును. తిరుగుచున్న బెల్టునకు, ఫ్యానునకు మాత్రము దూరముగా నుండవలెను.

పాతకార్ల కీళ్లకు డ్రైవరులు తరచు గ్రీజు పెట్టించెడివారు. నేటి కీళ్లు పెక్కు మూసివేసినవి. కందెన పెట్టు దారి లేదు. కనుక వాని అరుగుదలను తెలుపునది చాలవరకు చప్పుడే. రేడియో మ్రోతలో అది వినబడకుండ చేసికొనుట మంచిది కాదు.