చెట్టు నీడ నుంచి మైదానానికి: మన బుచ్చిబాబు కథ

2024 ఆగస్టులో మా కోయంబత్తూరులో ఒకటే సందడి. సూర్యకుమార్ యాదవ్ ముంబై జట్టు తరఫున ఇక్కడ ఆడడానికి వచ్చాడు. మా క్లాసులో ఎవరి నోట విన్నా అదే మాట. ఆ పోటీల పేరు బుచ్చిబాబు టోర్నమెంటు. సాయంత్రం ఇంటికెళ్లి ఈ సంగతి చెప్తే మా తాత సూర్యకుమార్‌ని పట్టించుకోలేదు. "బుచ్చి అంటే మన తెలుగు మాటరా. ఆ బుచ్చిబాబు ఎవరో కనుక్కో" అన్నాడు. మా తాతకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకని ఆయన కోసం నేనే కనుక్కుని, చదివి వినిపించాను. అదే ఈ వ్యాసం.

ముందు మన సంగతి కొంచెం చెప్పుకోవాలి. మదురైలో తిరుమల నాయకుని మహల్ చూసినవాళ్లకి ఈ నేలకీ తెలుగుకీ ఉన్న సంబంధం వేరే చెప్పక్కర్లేదు. 16వ శతాబ్దంలో విజయనగర రాజుల తరఫున విశ్వనాథ నాయకుడు మదురైని ఏలాడు. ఆ కాలంలోనూ, ఆ తర్వాతా ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి వచ్చి స్థిరపడ్డాయి. కొందరు మన కొంగునాట నల్లరేగడి నేలల్లో సేద్యం చేశారు. మద్రాసులో ఉన్నవాళ్లలో కొందరు ఇంగ్లీషు కంపెనీల దగ్గర దుబాసీలుగా పనిచేశారు. దుబాసి అంటే రెండు భాషలు తెలిసినవాడు. తెల్లదొరకీ ఊరి వ్యాపారికీ మధ్య మాట కలిపేవాడు.

అలాంటి దుబాసి ఇంట్లో పెరిగినవాడే మన బుచ్చిబాబు. అసలు పేరు మోతవరపు వెంకట మహిపతి నాయుడు. 1868లో పుట్టారు. ప్యారీ కంపెనీకి దుబాసిగా ఉన్న తాతగారు ఆయన్ని దత్తత తీసుకున్నారు. మైలాపూరులోని లజ్ హౌస్ అనే పెద్ద భవనంలో పెరిగారు. ఇంట్లో డబ్బుకి లోటు లేదు. కానీ డబ్బుతో కూడా దొరకనిది ఒకటి ఉండేది. అది సాటి మనిషిగా గౌరవం.

అప్పట్లో మద్రాసులో క్రికెట్ అంటే దొరల ఆట. 1846లోనే వాళ్లు మద్రాస్ క్రికెట్ క్లబ్ పెట్టుకున్నారు. చేపాక్ మైదానం వాళ్లదే. అందులో మనవాళ్లకి సభ్యత్వం లేదు. పెవిలియన్‌లోకి రానిచ్చేవారు కాదు. ఎప్పుడైనా ఆటకి వెళ్తే దొరలు లోపల కూర్చుని భోంచేస్తారు, మనవాళ్లు బయట చెట్టు కింద కూర్చోవాలి. ఇది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. మా తాత మాత్రం "తర్వాత ఏం చేశాడో అది చదువు" అన్నాడు.

బుచ్చిబాబు రెండు పనులు చేయొచ్చు. పెవిలియన్‌లోకి రానివ్వమని దొరల్ని బతిమాలొచ్చు. లేదా ఆటే వద్దని ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. 1888లో, 20 ఏళ్ల వయసులో, భారతీయుల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్ స్థాపించారు. యునైటెడ్ అంటే కలిసినది అని అర్థం. ఎస్ప్లనేడ్ మైదానంలో ఆట మొదలైంది.

క్లబ్ పెట్టగానే సరిపోదు కదా. క్రికెట్ ఖర్చుతో కూడిన ఆట. బ్యాటు, ప్యాడ్లు, గ్లవ్స్, బూట్లు, తెల్ల బట్టలు, ఇవన్నీ మామూలు ఇళ్ల కుర్రాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? బుచ్చిబాబు సొంత డబ్బుతో ఇప్పించారు. లజ్ హౌస్ ఆవరణలోనే సాధన చేయించారు. మా పీఈటీ సార్ ఎప్పుడూ ఒక మాట అంటారు, ఒక బ్యాటుని పదిమంది పంచుకుంటే ఎవరికీ ఆట రాదు అని. బుచ్చిబాబుకి ఆ సంగతి 130 ఏళ్ల కిందటే తెలుసన్నమాట.

"డబ్బున్నవాడు కాబట్టి చేశాడు, అందులో గొప్పేముంది?" అని నా స్నేహితుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ రోజుల్లో మద్రాసులో డబ్బున్నవాళ్లు చాలామందే ఉన్నారు. దొరల పక్కన తనొక్కడికి కుర్చీ దొరికితే చాలు అనుకునేవాళ్లూ ఉండే ఉంటారు. అందరికీ మైదానం కావాలి అనుకోవడమే ఆయన ప్రత్యేకత.

జట్టు తయారయ్యాక ఆయన ఇంకో అడుగు వేశారు. 1908లో దొరల క్లబ్‌ని పోటీకి పిలిచారు. యూరోపియన్లు ఒకవైపు, భారతీయులు ఒకవైపు. చెట్టు కింద కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఎదురుగా, సమానంగా నిలబడి ఆడతారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బొంబాయిలో ఇలాంటి పోటీల్లో పార్సీలు ఒక జట్టు, హిందువులు ఒక జట్టు, తర్వాత ముస్లింలు ఒక జట్టుగా ఆడారు. మద్రాసులో అలా కాదు. భారతీయులందరిదీ ఒకే జట్టు. ఏ భాషవాడు, ఏ మతంవాడు అనే లెక్క లేదు.

కానీ ఆ పోటీని ఆయన చూడలేకపోయారు. 1908 డిసెంబరులో, ఆట మొదలయ్యేలోపే, కన్నుమూశారు. అప్పటికి ఆయనకి 40 ఏళ్లే. ఇది వినిపిస్తున్నప్పుడు మా తాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. అయితే ఆయన తయారుచేసిన మనుషులు ఆగిపోలేదు. ఆ పోటీ జరిగింది. తర్వాత 1915 నుంచి ప్రెసిడెన్సీ మ్యాచ్‌గా నిలబడింది. సంక్రాంతి రోజుల్లో జరిగేది కాబట్టి జనం దాన్ని పొంగల్ మ్యాచ్ అని పిలుచుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1952 దాకా సాగింది.

ఆయన కొడుకులు కూడా మంచి ఆటగాళ్లే. వాళ్లలో కోటా రామస్వామి తల్లి తరఫు తాతగారింటికి దత్తత వెళ్లడం వల్ల ఇంటిపేరు మారింది. ఈయన 1922లో డేవిస్ కప్‌లో దేశం తరఫున టెన్నిస్ ఆడారు. 1936లో ఇంగ్లండ్ మీద టెస్టు క్రికెట్ కూడా ఆడారు. అప్పుడు ఆయన వయసు 40! మొదటి టెస్టులోనే 40, 60 పరుగులు చేశారు. తండ్రి కన్నుమూసిన వయసులో కొడుకు దేశం తరఫున బ్యాటు పట్టుకున్నాడు.

బుచ్చిబాబు పేరిట మొదలైన టోర్నమెంటు చాలాకాలం మద్రాసులోనే జరిగేది. ఇప్పుడు మన ఊళ్లకీ వచ్చింది. 2024 ఫైనల్ మదురైకి దగ్గర్లోని నత్తంలో జరిగింది. గెలిచింది ఎవరో తెలుసా? హైదరాబాద్ జట్టు. ఈ ముక్క చదవగానే మా తాత చప్పట్లు కొట్టాడు.

మనం ఇంట్లో, బడిలో తెలుగు మాట్లాడతాం. వీధిలో, బస్సులో తమిళం మాట్లాడతాం. "మీరు ఎక్కడివాళ్లు?" అని ఎవరైనా అడిగితే ఒక్కోసారి జవాబు చెప్పడానికి తడబడతాం. ఇకమీదట నేను తడబడను. మనం కూడా దుబాసీలమే. రెండు భాషలు రావడం తక్కువతనం కాదు, రెండు వైపుల వాళ్లనీ కలపగల బలం. తెలుగింటి బుచ్చిబాబు కట్టిన జట్టులో చోటు తెలుగువాళ్లకి మాత్రమే కాదు, అందరికీ.

వచ్చేసారి ఆ టోర్నమెంటు మన ఊరికి వస్తే మా తాతని తీసుకెళ్లాలని అనుకుంటున్నాను. మీరూ రండి. స్కోరుబోర్డు మీద ఆ పేరు కనిపిస్తే పక్కనున్న స్నేహితుడికి, తమిళంలో అయినా సరే, ఆయన ఎవరో చెప్పండి.