అరకు కాఫీ యాత్రకు చిన్న టీక

డబ్లిన్ చూసొచ్చిన మనవాళ్లలో గిన్నిస్ స్టోర్‌హౌస్ దగ్గర ఫొటో దిగనివాళ్లు తక్కువ. ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే హైనెకెన్ ఎక్స్‌పీరియన్స్. బీరు ముట్టనివాళ్లు కూడా టికెట్టు కొంటారు. బార్లీ గింజ దగ్గర్నుంచి నురగ దాకా అంతా చూసి, టికెట్టుతో పాటు వచ్చిన గ్లాసు పక్కవాడికిచ్చి బయటపడతారు. విశాఖపట్నంలో ఇలాంటి బీరు దర్శనానికి అలవాటు పడ్డ జనం లేరు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డ రాష్ట్రం ఇది. 1995 జనవరిలో మద్యనిషేధం పెట్టుకుని 1997లో సడలించుకున్న రాష్ట్రం. పిల్లల్ని వెంటబెట్టుకుని బీరు ఫ్యాక్టరీకి ఆదివారం షికారు వెళ్లే రోజు ఇక్కడ దగ్గర్లో లేదు, దానికి నాకేమీ బెంగ లేదు. అయినా తాగేది పుట్టిన చోటికి వెళ్లి, అక్కడే రుచి చూసి, ఓ డబ్బా కొనుక్కొచ్చే సరదా మనకూ ఉంది. మన దగ్గర అది కాఫీ. పొద్దున్నే విశాఖ స్టేషన్లో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా అరకు కాఫీ మ్యూజియం గుమ్మంలో ఉంటాం. ఆ దారిలో, ఆ గదుల్లో చెవినపడే మాటలకు ఇది వ్యాఖ్య. గైడు తొందరలో దాటేసే మాటల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను.

కిరండోల్ పాసింజరు: షికారుకు వెళ్లేవాళ్లకు ఇది గుహల రైలు. 2017లో పైకప్పుకూ అద్దాలున్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక అద్దాల రైలు కూడా అయింది. లైను వేసింది మాత్రం మన షికారు కోసం కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. ఈనాటికీ కిటికీ పక్కన కూర్చుంటే ఖనిజం దుమ్ము పట్టిన గూడ్సు బండ్లు ఎదురొస్తాయి. అందులో కొంత రేవుకు, కొంత విశాఖ ఉక్కు ఫర్నేసులకు. శిమిలిగుడ దగ్గర రైలు సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అరబికా కాఫీ హాయిగా పెరిగే ఎత్తు ఇక్కడ మొదలవుతుంది. సెల్ఫీలు తీసుకుంటూ సొరంగాలు లెక్కపెట్టే జనానికి ఈ రెండు సంగతులూ ఎవరూ చెప్పరు.

మ్యూజియం: డబ్లిన్‌లో మనకు చూపించే భవనం 1904లో కట్టిన పులియబెట్టే శాల. 1988లో అక్కడ పని ఆగింది, 2000 చివర్లో టికెట్ల కౌంటరు తెరిచారు. హైనెకెన్ పాత బ్రూవరీ 1867 నాటిది. అదీ 1988లోనే మూతబడి, 1991 నుంచి సందర్శకుల పాలైంది. గిన్నిస్ కంపెనీ ఆ ఆవరణలోనే ఇప్పటికీ బీరు తయారుచేస్తోంది, కానీ జనం బారులు తీరేది పని ఆగిపోయిన శాల ముందు. మన బీచ్ రోడ్డులోనూ అదే వరస. కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002లో ఇసుక మీదికి చేరి మ్యూజియం అయింది. కొలువులో ఉన్న జలాంతర్గామిలోకి టికెట్టు మీద ఎవరినీ ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. కాఫీ అలా కాదు. దాంట్లో దాచవలసిన రహస్యం లేదు, పని ఆగిందీ లేదు. కాఫీ మ్యూజియం ఎక్కడిదైనా ఇథియోపియా మేకల కాపరి కథ చెబుతుంది, యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి కర్ణాటక కొండల్లో నాటిన బాబా బుడన్ కథ చెబుతుంది. చెప్పనివ్వండి, పిల్లలకు బాగుంటుంది. నా పేచీ ఒక్కటే: బతికున్న పనిని బొమ్మల్లో పెట్టి, అదేదో తాతల నాటి విద్య అన్నట్టు చూపించడం. గదిలో బొమ్మ పళ్లు ఏరుతుండగానే ఆ కొండల్లో మనిషి ఏరుతోంది. డిసెంబరులో వెళ్లేవాళ్లు మ్యూజియానికి అరగంట ఇచ్చి, మిగతా పూట తోటకూ కల్లానికీ ఇవ్వాలి. ఈ వ్యాఖ్య రాయడంలో నా స్వార్థం అంతే.

అరకు: 2022 ఏప్రిల్ నుంచి ఇది విశాఖ జిల్లా కాదు, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. విశాఖ వాళ్లు మాత్రం ఇంకా "మా అరకు" అనే అంటారు. డబ్బా మీది అరకు ఊరికంటే చాలా పెద్దది. చింతపల్లి, జి.కె.వీధి, పాడేరు, అనంతగిరి, ఎటు పండినా సంతలో అది అరకు కాఫీయే. 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు "అరకు వ్యాలీ అరబికా" పేరు మీద ఉంది, ఒడిశా వైపు కొండలకు కూడా వర్తిస్తుంది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, నాంది ఫౌండేషన్‌తో పనిచేసిన రైతుల కాఫీతో పారిస్‌లో అరకు పేరునే దుకాణం తెరిచారు. మనం వాళ్ల బీరు చూడ్డానికి విమానమెక్కితే మన కొండ కాఫీ వాళ్ల వీధిలో కొట్టు పెట్టుకుంది.

నీడ: తోటలోకి అడుగుపెట్టగానే ముందు కనబడేది కాఫీ కాదు, పైన చెట్లు. సన్నగా నిటారుగా పెరిగేవి సిల్వర్ ఓక్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జాతి. వాటి కాండాల మీదికి పాకింది మిరియం తీగ. మధ్యమధ్య పనస, మామిడి. కాఫీ కింద మోకాలి నుంచి తలెత్తు దాకా గుబురుగా ఉంటుంది. తూర్పు కనుమల్లో కాఫీని మొదట 1898లో గోదావరి వైపు పాములేరు లోయలో నాటారు. ఏజెన్సీలో అది నిజంగా వ్యాపించింది స్వాతంత్య్రం తర్వాత, ప్రభుత్వం చేతుల మీదుగా. దాని వెనక ఒక లెక్క ఉంది. గిరిజనులు పోడు కొట్టేవారు. కొండ వాలు నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి, ఇంకో వాలుకు వెళ్లేవారు. అరబికా ఈ కొండల్లో నీడ లేకుండా నిలవదు, కాబట్టి కాఫీ వేసినవాడు చెట్టు కొట్టడు. అడవి అధికారికి అది నచ్చింది, రైతుకు సంవత్సరానికోసారి చేతికొచ్చే రూపాయి నచ్చింది. సిల్వర్ ఓక్ త్వరగా నీడనిస్తుందని అంత విరివిగా నాటేశారు గానీ, కొండ సొంత చెట్ల నీడలో పెరిగిన తోట చూడ్డానికే వేరుగా ఉంటుంది, పిట్టలు కూడా అక్కడే ఎక్కువ.

ఎస్టేటు: కూర్గు, చిక్కమగళూరు వెళ్లొచ్చినవాళ్లు అరకులోనూ ఎస్టేటు బంగళా, వరండాలో పేము కుర్చీ, యజమానితో ముచ్చట్లు ఉంటాయనుకుంటారు. ఇక్కడ ఉండవు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి మారకుండా 1/70 చట్టం కాపు కాస్తోంది. అందుకే ఇక్కడి తోట అంటే లక్షకు పైగా గిరిజన కుటుంబాల చిన్న చిన్న కమతాలు. భగత, కొండదొర, కోటియ, ఇలా ఎన్నో తెగలవాళ్లవి. అనంతగిరి దగ్గర కార్లన్నీ ఆగే పెద్ద తోటలు మాత్రం అటవీ అభివృద్ధి సంస్థవి. ఫొటోలన్నీ అక్కడే దిగుతారు, బొంగులో చికెన్ అక్కడే తింటారు. రైతు తోట చూడాలంటే ఊళ్లోకి నడవాలి, ఆ ఇంటివాళ్లను అడగాలి.

చెర్రీ: ఈ మాటకు రెండు అర్థాలు, కలిపితే గందరగోళం. తోటలో చెర్రీ అంటే చెట్టు మీది ఎర్రటి పండు. వ్యాపారంలో చెర్రీ అంటే ఆ పండును తొక్కతో సహా ఎండబెట్టింది, మామూలుగా ధర తక్కువది. వేసవి తొలి జల్లులు పడ్డాక తెల్లగా పూస్తుంది, నవంబరు నుంచి జనవరి దాకా కోత. ఒక రెమ్మ మీదే పచ్చికాయ, దోరకాయ, పండు కలిసి ఉంటాయి. రెమ్మంతా దూసేస్తే పని తొందరగా అయిపోతుంది, కాఫీ చెడుతుంది. పండు మాత్రమే ఏరుకుంటూ అదే చెట్టుకు మళ్లీ మళ్లీ రావాలి. పారిస్ దుకాణం వెనక ఉన్న కష్టంలో సగం ఇదే. ఆరు కిలోల పండు కోస్తే చివరికి మిగిలే గింజ కిలో మాత్రమే.

పల్పరు: తొక్క ఒలిచే యంత్రం. కోసిన రోజే ఒలవాలి, రాత్రంతా బస్తాలో ఉంటే పండు వేడెక్కి పాడవుతుంది.

తొట్టి: బ్రూవరీ చూసొచ్చినవాళ్లు ఇక్కడ ఆగాలి. ఒలిచిన గింజ మీద జిగురు ఉంటుంది. కడిగితే పోదు. తొట్టిలో పోసి ఒక రోజు, చలి ఎక్కువైతే ఇంకాసేపు వదిలేస్తారు. గాల్లోంచీ పండు మీదనుంచీ వచ్చిన ఈస్టులూ బ్యాక్టీరియాలూ ఆ జిగురులోని చక్కెరను తినేస్తాయి. అప్పుడు నీళ్లు పోసి కడిగితే గింజ గరగరలాడుతూ తేలుతుంది. చేత్తో రుద్ది ఆ గరుకు చూసుకునే పులియడం ఎప్పుడు ఆపాలో తేల్చుకుంటారు. డబ్లిన్‌లోనూ భవనమంతా నిలబడింది ఇలాంటి సూక్ష్మజీవి పని మీదే. తేడా ఏమిటంటే బీరుకు పులియడమే సర్వస్వం: ఈస్టు తిని వదిలిన సారాయమూ గ్యాసే మనం తాగేది. కాఫీకి అది పనిమనిషి లాంటిది, జిగురు తుడిచి వెళ్లిపోవాలి. ఎక్కువసేపు ఉండనిస్తే కప్పులో పులుపు కంపు తేలుతుంది. మంచినీళ్లు దూరం నుంచి మోసుకొచ్చే ఊళ్లో ఈ కడుగుడు ఎంత భారమో మ్యూజియం పలకల మీద ఉండదు. తొక్కా జిగురూ కలిసిన ఆ నీరు గెడ్డలోకి పోతే ఇంకో తంటా.

కల్లం: కడిగిన గింజను ఆరబోసే సిమెంటు చప్టా. లేనివాళ్లు టార్పాలిన్ పరుస్తారు. ఎండలో గంట గంటకూ తిరగేయాలి, మబ్బు పడితే ఎత్తాలి, రాత్రి కప్పాలి. తేమ పది పన్నెండు శాతానికి దిగేదాకా ఇదే పని. ఓ కల్లం దగ్గర విశాఖ నుంచి వచ్చినావిడ వంగి వాసన చూసి, "ఏటక్కా, కాఫీ వాసనే రావట్లేదు?" అంది. తిరగేస్తున్నామె నవ్వి, "వేపితే గాని రాదమ్మా. మాకూ తెలీదు ఆ వాసన, మేం వేపం కదా" అంది. దీనికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

పార్చిమెంటు: ఆరాక గింజను అంటిపెట్టుకుని ఉండే పెళుసైన పెంకుకే ఈ పేరు, పెంకుతో ఉన్న గింజకూ అదే పేరు. రైతు చేతినుంచి కాఫీ సాధారణంగా ఇలాగే వెళ్తుంది. కొనేవాళ్లలో విశాఖ కేంద్రంగా 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, ఒకటి. సంతలో దళారి ఇంకొకడు. ముందే అప్పిచ్చి పంటను తక్కువకు పట్టుకుపోయే దళారి పద్ధతి కాఫీకంటే పాతది. జీసీసీ సీజనుకు ముందే ప్రకటించే ధర ఎంతో తెలుసుకుని తోటకు వెళ్తే రైతుతో మాట కలపడం తేలిక. వాతావరణం గురించి మాట్లాడేవాళ్లకంటే ధర గురించి అడిగేవాళ్లను ఇక్కడ ఎక్కువ గౌరవిస్తారు.

కాయతొలుచు పురుగు: మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరుల్లో గూడలూరు దగ్గర కనబడింది. అరకు ప్రాంతంలో 2025లో బయటపడింది. నల్లగా, మిరియపు గింజలో సగం కూడా ఉండని పురుగు. కాయ కొనలో బెజ్జం చేసుకుని లోపలే గుడ్లు పెడుతుంది, మందు కొట్టినా అందదు. రాలిన కాయలు ఏరి నాశనం చేయడమే ముఖ్యమైన విరుగుడు. దీన్ని యాత్రల మాటల్లో ఎందుకు చేర్చానంటే, ఎర్రగా ముద్దొచ్చాయని నాలుగు కాయలు జేబులో వేసుకుని ఇంకో ఊరి తోటలో పారేసే మనిషి పురుగుకు ఉచిత రవాణా. చూడండి, ఫొటో తీయండి, కోయకండి.

వేపుడు: రెండువందల డిగ్రీలు దాటిన వేడిలో పది పదిహేను నిమిషాలు. బూడిద పచ్చ గింజ పసుపు రంగుకు, తర్వాత గోధుమకు తిరిగి, చిటపటమని పగులుతుంది. బరువులో ఆరో వంతు దాకా పోతుంది, వాసన పుడుతుంది. లాభంలో పెద్ద భాగం కూడా ఈ పది నిమిషాల తర్వాతే పుడుతుంది. యంత్రం ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు.

టేస్టింగ్: గిన్నిస్‌లో పై అంతస్తు గ్రావిటీ బార్‌లో ఊరంతా చూస్తూ తాగుతారు. అరకులో కౌంటరు దగ్గర నిలబడి తాగుతాం. కాఫీని వృత్తిగా రుచి చూసేవాళ్ల పద్ధతి వేరు: బరకగా కొట్టిన పొడి మీద వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలాగి, పైన తేలిన తెట్టు చెంచాతో చీల్చి వాసన చూసి, జుర్రున పీల్చి ఉమ్మేస్తారు. వందకు ఎనభై మార్కులు దాటితే స్పెషాలిటీ. మనకు అంత తతంగం వద్దు. ముందు పాలూ పంచదారా లేకుండా రెండు గుక్కలు తాగండి, తర్వాత మీ ఇష్టం. కొండ గింజలోని పండు పులుపు పాలల్లో మునిగిపోతుంది. చికోరీ కలిపిన ఫిల్టరు కాఫీని నేనేమీ తక్కువ చేయను, రోజూ తాగేది అదే. కాకపోతే ఇంత దూరం వచ్చి చికోరీ రుచి చూసి వెళ్లడం అర్థంలేని పని.

డబ్బా: యాత్ర దుకాణంలో ముగుస్తుంది, డబ్లిన్‌లోనైనా అరకులోనైనా. డబ్బా మీద మూడు చూడాలి. చికోరీ ఉంటే ఎంత శాతమో రాసి ఉంటుంది. వేపిన తేదీ ఉంటే మంచిది, ప్యాకింగు తేదీ ఒక్కటే ఉంటే ఆలోచించండి. మూడోది, గింజా పొడా అన్నది. పొడి వాసన కొద్ది రోజుల్లో పోతుంది, గింజ కొన్ని వారాలు నిలుస్తుంది. ఇంట్లో చిన్న మిల్లు ఉంటే గింజే తీసుకోండి. బరువు మోయలేమనుకుంటే జీసీసీ కాఫీ విశాఖలోనూ దొరుకుతుంది, సంచిలో ఆ చోటు మిరియాలకు ఉంచుకోవచ్చు.