మన దిక్కు ఉక్కు సముద్రం దాటిన కథ



గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే మన పిల్లలందరికీ ఈ బిట్ నోటికి వచ్చు. భారతదేశానికి సముద్ర మార్గం కనుగొన్నది ఎవరు? వాస్కోడగామా. ఏ సంవత్సరం? 1498. ఎక్కడ దిగాడు? కాలికట్. టిక్కు పెడతాం, మార్కు పడుతుంది, పేజీ తిప్పేస్తాం.

ఆ పాఠం చదివేటప్పుడు మనకు ఒకటి అనిపిస్తుంది. ఇదంతా సముద్రం ఒడ్డున ఉన్నోళ్ల కథ, ఆదిలాబాద్ అడవికి, జగిత్యాల గుట్టలకు దీంతో ఏం పని అని. మన దగ్గర సముద్రం లేదు, ఓడ లేదు, రేవు లేదు. కానీ ఓడలో ఎక్కిన సరుకు ఎక్కడ తయారైందని వెనక్కి నడుచుకుంట వస్తే దారి మన దాకా వస్తుంది. నిర్మల్, మెట్‌పల్లి, కోనసముద్రం పేర్లు తగులుతాయి. ఈ పోస్టు ఆ దారి గురించే. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

గామా రాకముందు సముద్రం ఖాళీగా లేదు

ముందు ఆ ‘కనుగొన్నాడు’ అనే మాట చూద్దాం. గామా ఆఫ్రికా దక్షిణ కొన చుట్టి తూర్పు తీరంలోని మలిందికి చేరాడు. అక్కడి నుంచి కాలికట్‌కు దారి చూపింది, మలిందిలో ఓడ ఎక్కిన ఒక స్థానిక నావికుడు. అంటే ఆ దారి తెలిసినోళ్లు అప్పటికే ఉన్నారు. అరబ్బులు, గుజరాతీలు, తమిళులు, మలయా వాళ్లు రుతుపవనాల గాలి పట్టుకుని వందల ఏళ్లుగా తిరుగుతున్న సముద్రం అది. యూరప్ వాళ్లకు ఆ దారి కొత్త. ఈ సముద్రానికి వాళ్లు కొత్త.

మన తెలుగు నేల సంగతే తీసుకోండి. ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు గుంజుకునేవాళ్లు. ఇక మీదట అట్ల చేయం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం, వచ్చి వ్యాపారం చేసుకోండి అని రాతి మీద చెక్కించాడు. గామా కంటే 250 ఏళ్ల ముందు మాట ఇది. అప్పుడు మన కరీంనగర్ ప్రాంతం కూడా ఆ కాకతీయ రాజ్యంలోదే.

యూరప్ వాళ్లు వచ్చి ఏం మార్చారు?

వాళ్లు తెచ్చిన అసలు మార్పు ఫిరంగులు, కాగితాలు. పోర్చుగీసు వాళ్లు ‘కార్టజ్’ అనే అనుమతి చీటీ పెట్టారు. ఎవరి ఓడైనా సరే, ఆ చీటీ కొని వెంట ఉంచుకోవాలి. లేకపోతే ఓడను పట్టుకుంటారు, సరుకు గుంజుకుంటారు. నిన్నటిదాకా ఎవడి సొంతమూ కాని సముద్రం, ఒక చీటీతో ఒకరి చేతి కిందికి పోయింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, అడవి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఇదే కనబడుతుంది.

తర్వాత కంపెనీలు వచ్చాయి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1600లో, డచ్చి కంపెనీ 1602లో పుట్టాయి. డచ్చి వాళ్లకు కావాల్సింది ఇండోనేషియా దీవుల్లోని లవంగాలు, జాజికాయ, జాపత్రి. ఆ దీవుల వాళ్లు మసాలాలకు బదులు అడిగింది మన తీరం బట్టలు. ఆ బట్టల కోసం డచ్చి వాళ్లు గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నంలో 1606లో కోఠీ పెట్టుకున్నారు. ఇంగ్లీషు వాళ్లు 1611లో వచ్చారు. బట్ట ముఖ్య సరుకు. దాంతో పాటు తెలుగు నేల నుంచి ఇనుము, ఉక్కు కూడా ఓడలెక్కాయి.

ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో పర్షియాలోని బందర్ అబ్బాస్ నుంచి మచిలీపట్నం వచ్చాడు. ఏ ఓడలో వచ్చాడో తెలుసా? గోల్కొండ రాజు సొంత ఓడలో. అంటే కంపెనీలు వచ్చిన తర్వాత కూడా మన దిక్కు రాజులకు పర్షియా దాకా పోయే పెద్ద ఓడలున్నాయి. ఆ పర్షియా దారిలోనే మన ఉక్కు పోయింది.

ఆ ఉక్కు ఎక్కడిది?

డమాస్కస్ కత్తి పేరు మీరు సినిమాల్లో, యూట్యూబ్‌లో వినే ఉంటారు. అలుగు మీద నీటి అలల్లాంటి గీతలుండే కత్తి. అట్లాంటి గీతలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని తావెర్నియే రాశాడు. చిన్న రొట్టె అంత ముద్దలుగా వచ్చేది, దాన్ని రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో కత్తికి సరిపోయేది అని కూడా రాశాడు.

గోల్కొండ అన్నంత మాత్రాన అది హైదరాబాద్ కోటలో తయారైందని కాదు. అక్బర్ కొలువులో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో ఇందూరు, నిర్మల్ దగ్గర ఉక్కు గనులున్నాయని ఉంది. ఇందూరంటే ఇప్పటి నిజామాబాద్. అదే పుస్తకంలో చాందా గోండు రాజు ప్రస్తావన కూడా వస్తుంది. 1667 ప్రాంతంలో ఈ దారిన పోయిన తెవెనో అనే ఇంకో ఫ్రెంచి యాత్రికుడు ఇందల్వాయిలో ఆగాడు. అక్కడ చేసే కత్తులు, బాకులు, బల్లేలు దేశమంతా అమ్ముడుపోతాయని, ఇనుము దగ్గర్లోని గుట్టలోంచే తవ్వుతారని రాసుకున్నాడు.

అన్నిటికంటే పూర్తి సమాచారం ఇచ్చినవాడు హెన్రీ వాయ్సీ. ఇంగ్లీషు వాళ్ల త్రికోణమితి సర్వేలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. 1824లో చనిపోయాడు. ఆయన రాసిన వివరాలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఆయన చూసిన ఊరు కోనసముద్రం. గోదావరికి దక్షిణాన, కమ్మర్‌పల్లి దగ్గర ఉంటుంది. పక్కూరి పేరులోనే కమ్మరి ఉన్నాడు చూడండి.

అక్కడి పద్ధతి ఇట్ల ఉండేది. ఒకే రకం ఇనుము వాడేవాళ్లు కాదు, రెండు రకాలు కలిపేవాళ్లు. ఒకటి మెట్‌పల్లి దిక్కు నల్ల ఇసుక ఖనిజం నుంచి తీసింది, ఇంకోటి ఎర్ర ఇనుప మట్టి నుంచి తీసింది. ఆ ముక్కలను మట్టి మూసల్లో పెట్టి, పైన మూత మెత్తేవాళ్లు. మామూలు మట్టి ఆ వేడికి పగిలిపోతుంది, అందుకే వేడిని తట్టుకునే మట్టిని ఏరి తెచ్చి, పొట్టు కలిపి మూసలు చేసేవాళ్లు. తిత్తులు ఊదుకుంట దాదాపు ఒక రోజు మొత్తం కాల్చేవాళ్లు. మెల్లగా చల్లారనిచ్చేవాళ్లు. ఆ తర్వాత ముద్దను మట్టితో చుట్టి మళ్లీ మళ్లీ గంటల తరబడి వేడిచేస్తే పెళుసుదనం తగ్గేది. థర్మామీటర్ లేదు, ల్యాబ్ లేదు. మంట రంగు చూసి, చప్పుడు విని చేసిన పని.

వాయ్సీ పోయినప్పుడు ఆ ఊళ్లో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే పర్షియా వ్యాపారి ఉన్నాడు. ఉక్కు కొనడానికే అంత దూరం వచ్చాడు. ఈ పద్ధతి తమ దేశంలో చేసి చూశామని, కానీ కుదరలేదని ఆయన వాయ్సీతో చెప్పాడు. ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! ఆ దూరాన్ని కలిపింది కొన్ని పిడికెడు ఉక్కు ముద్దలు.

ఓడ దాకా ఎవరెవరి చేతులున్నాయి?

కొలిమి పని కమ్మరోళ్లది. మన ఉత్తర తెలంగాణలో ఖనిజం కరిగించి ఇనుప ముద్ద తీసేవాళ్లను ముద్ద కమ్మరోళ్లు అనేవాళ్లు. మరి ఆ కొలిమికి తిండి ఎక్కడిది? బొగ్గు అడవిది. గంపెడు ఇనుము రావాలంటే దానికి ఎన్నో రెట్లు బొగ్గు కావాలి. గుట్టల్లో నల్ల రాయి ఏరాలి, వాగుల్లో నల్ల ఇసుక కడగాలి, చెట్టు కొట్టాలి, బొగ్గు కాల్చాలి, మోయాలి. నిర్మల్ దగ్గర మామడ మండలం దిమ్మదుర్తి కూడా ఆ పాత రాతల్లో ఇనుప ఖనిజం దొరికే చోటుగా కనిపిస్తుంది.

తీరానికి, లోపలి ఊళ్లకు మధ్య సరుకు తిప్పినోళ్లలో బంజారాలు ముఖ్యులు. పది వేల ఎద్దుల బిడారాలు ధాన్యం, ఉప్పు మోసుకుంట పోవడం తావెర్నియే కళ్లారా చూసి రాశాడు. బిడారం ఎదురైతే అది దాటిపోయే దాకా దారి పక్కన రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదట. లంబాడీ తాతలు తెచ్చిన ఆ ఉప్పు సముద్రం ఉప్పే కదా. సముద్రం చూడని గూడేనికి కూడా సముద్రం గంజిలో చేరింది.

ఇప్పుడు ఈ వరుసను ఒకసారి చూడండి. రాయి ఏరినోళ్లు, బొగ్గు కాల్చినోళ్లు, తిత్తి ఊదినోళ్లు. వీళ్లలో ఒక్కరి పేరు కూడా మిగల్లేదు. కొన్నవాడి పేరు మిగిలింది, చూసి రాసుకున్నవాడి పేరు మిగిలింది. కాగితం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్లదైంది.

జ్ఞానం ఓడెక్కింది, కొలిమి ఆరింది

1790లలో బొంబాయి నుంచి ఈ ఉక్కు నమూనాలు లండన్‌కు పోయాయి. ‘ఉక్కు’ అనే మాటే వాళ్ల నోట్లో ‘వూట్జ్’ అయిందని చాలామంది పండితులు అంటారు. 1795లో జార్జ్ పియర్సన్ దీని మీద రాయల్ సొసైటీలో పత్రం చదివాడు. కరెంటు పాఠాల్లో మీరు చదివే మైకేల్ ఫారడే కూడా 1819 నుంచి కొన్నేళ్లు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఈ ఉక్కు గుట్టు పట్టడానికి ప్రయోగాలు చేశాడు. మిశ్రమ ఉక్కుల మీద పరిశోధనకు అది తొలి మెట్లలో ఒకటి.

1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చింది. ఇంగ్లాండులో టన్నులకు టన్నులు చౌక ఉక్కు తయారైంది. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకుని దూరం తగ్గింది. రైలు వచ్చింది. ఒకప్పుడు మన దిక్కు నుంచి బయటికి పోయిన ఇనుము, ఇప్పుడు సీమ ఇనుముగా ఎదురు వచ్చి సంతలో దిగింది. రోజంతా మూస కాల్చి చేసే ముద్ద దాని ధరకు నిలవలేకపోయింది.

ఇంకో దెబ్బ అడవి నుంచి తగిలింది. రైలు పట్టాల కింద స్లీపర్లకు టేకు కావాలి. బ్రిటిష్ వాళ్లు 1865లో, 1878లో అటవీ చట్టాలు చేశారు. నిజాం రాజ్యంలోనూ అదే బాటలో రిజర్వ్ అడవి గీతలు గీశారు. సముద్రం మీద కార్టజ్ చీటీ ఎట్లనో, అడవిలో పర్మిట్ అట్ల. కట్టెకు చీటీ, మేతకు చీటీ, పోడుకు జరిమానా. బొగ్గు లేని కొలిమి ఎట్ల మండుతుంది? అడవి లేని గూడెం ఎట్ల బతుకుతుంది? 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ఎందుకు నిలబడ్డాడో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఆ పోరాటం వెనుక ఇంత పొడుగు ప్రపంచ కథ ఉందని మాత్రం తెలుసుకోవాలి.

వచ్చినవి కూడా ఉన్నాయి

న్యాయంగా ఇది కూడా చెప్పుకోవాలి. ఆ ఓడలు అమెరికా ఖండం నుంచి పంటలు తెచ్చాయి. మక్క, మిరప, టమాట, పొగాకు అన్నీ అట్ల వచ్చినవే. మన అడవిలో ఏరి సంతలో అమ్మే సీతాఫలం పుట్టిల్లు కూడా అమెరికానే. జొన్న, సామ, కొర్ర, ఇప్ప మాత్రం అంతకుముందు నుంచీ మనతో ఉన్నవి. మక్క గట్క, పచ్చిమిర్చి తొక్కు తినేటప్పుడు మనం అయిదు వందల ఏళ్ల సముద్ర వ్యాపారాన్నే తింటున్నాం.

ఇప్పుడు మనం చేయాల్సింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది పాత గొప్పలు చెప్పుకోవడానికి రాసింది కాదు. తునికాకు, ఇప్పపువ్వు, జిగురు ఈ రోజు కూడా మన చేతుల మీదుగానే పోతాయి. ధర కట్టేది, చీటీ రాసేది ఇంకొకరు. నాలుగు వందల ఏళ్ల కింద ఉక్కు విషయంలో జరిగింది ఇదే. అందుకే రాత మన చేతికి రావాలి. ఉషేగాం, కేస్లాగూడ ఓజాలు పోత పోసే ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాగితం మన పేరు మీద ఉంటే ఏమవుతుందో చూపించే చిన్న ఉదాహరణ అది.

ఒక పని పెట్టుకుందాం. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు చెరువు కట్ట దగ్గర, ఊరి బయట దిబ్బల మీద చూడండి. నల్లగా, బరువుగా, తొర్రలు తొర్రలుగా ఉండే రాళ్లు కనిపిస్తే అవి ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం కావచ్చు. తవ్వొద్దు, ఇంటికి తేవొద్దు. ఫోటో తీయండి, ఊరి పేరు, జాగ పేరు రాసుకోండి. ఆ దిబ్బను పెద్దోళ్లు ఏమని పిలుస్తారో అడగండి. అవ్వ, తాత చెప్పిన మాటను వాళ్ల భాషలోనే, గోండి అయితే గోండిలో, కొలామి అయితే కొలామిలో రికార్డ్ చేయండి. కమ్మరి ఇంటికి పోయి తిత్తి, మూస, సుత్తి గురించి అడగండి, ఆ పెద్దాయన పేరు తప్పకుండా రాయండి. వాయ్సీ ఆ పేర్లు రాయలేదు. మనం రాద్దాం.

పరీక్షలో బిట్ వస్తే వాస్కోడగామా, 1498 అనే పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు. రేపు మీరు టీచర్ అయి అదే పాఠం చెప్పేటప్పుడు మాత్రం పిల్లలను ఇంకో ప్రశ్న అడగండి: ఆ ఓడలో ఎక్కిన సరుకు ఎవరు చేశారు?

జోహార్.